డ్రమ్ములకు అవతలి నేల

అరబ్బు దేశపు రేవు మెసయీద్‌లో కోల్డ్ స్టోరేజీ పక్క రోడ్డు మీద మధ్యాహ్నం పూట ఎవరు ఎక్కడ పడుకోవాలో రాజన్న చెప్పేవాడు. దేశం షేకులది కావచ్చు, రేవు కంపెనీది కావచ్చు, గోడ వారనున్న ఆ కాస్త నేల మాత్రం రాజన్నది. ఎవరూ రాసివ్వలేదు. పైపుల కోసం కందకాలు తవ్వే గ్యాంగుకు అతను మేస్త్రి, నోరు పెద్దది, అంతే.

చమురు ధర ఒక్కసారిగా ఎగబాకిన రోజులవి. ఇసుకలో ఒకవైపు ఎరువుల ఫ్యాక్టరీ, ఇంకోవైపు ఉక్కు ఫ్యాక్టరీ లేస్తున్నాయి. లేపేవాళ్ళకు తిండి కావాలి గనక గడ్డకట్టిన మాంసం ఓడల మీద వచ్చేది. దాన్ని దాచడానికి ఈ కోల్డ్ స్టోరేజీ కట్టారు. కట్టినవాడికి బిల్లు మీదున్న శ్రద్ధ పని మీద లేదు. నేల అడుగున చలిని ఆపే పొర సరిగా వేయలేదు. దాంతో లోపలి చలి ఏళ్ళ తరబడి భూమిలోకి దిగి, అక్కడి నీటిని గడ్డ కట్టించి, గోడ దాటి పక్కనున్న కంకర రోడ్డు కిందికి కూడా పాకింది. చుట్టూ ఎడారి పెనంలా కాలుతుంటే ఆ రోడ్డులో గోడ వైపు సగం మాత్రం నీళ్ళ కుండ అడుగులా చల్లగా ఉండేది.

ఆ చల్లదనాన్ని మొదట కనిపెట్టినవాడు పోశన్న. గ్యాంగులో అందరికన్నా పెద్దవాడు, ఆర్మూరు దగ్గరి మనిషి. ఒకనాడు అన్నాల వేళ గోడ పక్కన నిలిపిన లారీ కిందికి నీడ కోసం దూరి, వీపు నేలకు ఆనగానే "ఓరి నాయనా" అని లేచి కూర్చున్నాడు. మర్నాటికి గ్యాంగంతా అక్కడే చేరింది. నడినెత్తిన సూర్యుడుంటే గోడకు నీడ ఉండదు. నీడ కావాలంటే లారీ ఉండాలి. డ్రైవర్ ఇక్బాల్ పెషావర్ వైపువాడు, మంచివాడు. బతిమాలితే రోజూ లారీని తెచ్చి అక్కడే ఆపేవాడు. ఆ బతిమాలే పని రాజన్న తన మీద వేసుకున్నాడు, దాంతోపాటు పెత్తనం కూడా వేసుకున్నాడు.

వెనక చక్రాల మధ్య చోటు అన్నిటికంటే చల్లన. అడుగున మంచు పేరుకుని అక్కడ రోడ్డు కొంచెం ఉబ్బి ఉండేది. ఆ చోటు పోశన్నది, కనిపెట్టినవాడు గనక. ముత్యం వచ్చేదాకా అలాగే నడిచింది.

ముత్యం రాజన్న చెల్లెలు ఎల్లవ్వ మొగుడు. రాజన్నే వీసా పుట్టించి తెచ్చాడు. ఊరికి అరబ్బు దేశమేదైనా దుబాయే. ఊళ్ళో రాజన్న అంటే దుబాయ్ తీసుకుపోయే మనిషి, ఆ పేరు నిలవాలంటే తెచ్చినవాళ్ళు నిలవాలి. ముత్యం నిలవలేదు. బీడీలు చుట్టే ఇంట్లో నీడపట్టున పెరిగిన ఒళ్ళు. ఎండలో పార పట్టిన వారానికే కళ్ళు తేలేసి పడిపోయాడు. నెల తిరగకుండా మళ్ళీ పడ్డాడు. ఇంకోసారి పడితే టికెట్ చేతిలో పెట్టి పంపిస్తానని క్యాంప్ బాస్ అందరి ముందూ చెప్పేశాడు.

ఆ మధ్యాహ్నమే రాజన్న లారీ కిందికి వంగి పోశన్న కాలు పట్టి లాగాడు.

"లే పోశన్న. ఈడ మా ముత్యం పండుకుంటడు."

"నేనేడికి పోవాలె?"

"నీ ముసలి బొక్కలకు ఎండ మంచిదే. పో, గా పైపుల పొంటి పండుకో."

అందరూ నవ్వారు. నవ్వకపోతే రేపు తమ కాలు లాగుతాడని వాళ్ళ భయం. పోశన్న తువ్వాల దులుపుకుని పైపుల వైపు వెళ్ళిపోయాడు. ముత్యం సిగ్గుపడి, "వద్దు బావా, పెద్దమనిషి" అన్నాడు. "నోర్మూసుకొని పండు" అన్నాడు రాజన్న. అతనికి ముత్యం మీద జాలి ఉంది, కానీ జాలిని కూడా తిట్టులాగే బయట పెట్టేవాడు. ఏమైతేనేం, ఆ చోటు పనిచేసింది. రోజూ అంతసేపు చల్లటి నేల మీద పడుకుని లేచిన ముత్యం సాయంత్రం దాకా పార వదలకుండా నిలబడగలిగాడు. ఆ ఎండాకాలం గట్టెక్కిస్తే చాలు, వచ్చే ఏటికి ఒళ్ళు అలవాటు పడుతుందని రాజన్న లెక్క.

ఇంతలో కోల్డ్ స్టోరేజీ మూతపడింది. అడుగున మంచు ఉబ్బి గచ్చు పగిలిపోయింది, తలుపులు పట్టేశాయి. మాంసాన్ని కొత్త గోదాముకు మార్చి మిషన్లు ఆపేశారు. కొన్ని వారాలు గడిచాక మట్టి పరీక్షల ఇంజనీరు రామమోహన్ జీపులో వచ్చాడు. కాకినాడ మనిషి. మొనదేలిన ఇనుప కడ్డీ ఒకటి పట్టుకుని రోడ్డంతా గుచ్చుకుంటూ తిరిగాడు. గోడ వైపు సగంలో కడ్డీ పైపెచ్చు దాటగానే జర్రున దిగిపోయింది. ఇవతలి సగంలో మొన కూడా దిగలేదు. ఆ రెంటికీ నడుమ రోడ్డు పొడుగునా మడమతో గీత గీసి రాజన్నను పిలిచాడు.

"మేస్త్రీ, ఖాళీ డ్రమ్ములు తెప్పించి ఈ గీత మీద వరసగా పెట్టించు. డ్రమ్ములకు గోడ వైపు ఒక్క చక్రం కూడా పోకూడదు."

"గట్టిగనే ఉంది గద సార్." రాజన్న కాలితో తన్ని చూపించాడు.

"పైన పెచ్చు ఎండకు ఎండింది, అందుకు గట్టిగా ఉంది. నేల గడ్డకట్టేటప్పుడు అడుగు నుంచి నీళ్ళు లాక్కుంటుందయ్యా. ఉండవలసినదానికన్నా ఎక్కువ నీళ్ళు మంచు పలకలై కూర్చున్నాయి. మంచుగా ఉన్నంతకాలం రాయిలా మోసింది. ఇప్పుడు పైనుంచి కరుగుతోంది. అడుగున ఇంకా మంచే ఉంది కదా, ఆ నీళ్ళు కిందికి దిగలేవు. పెచ్చు కింద ఉన్నది గంజి. మొత్తం కరిగి ఆరిపోయేదాకా ఇటు రానివ్వకు."

రాజన్నకు అంతా అర్థమైంది. అర్థం కాలేదని తరవాత అనుకోవడానికి వీల్లేనంత బాగా అర్థమైంది. డ్రమ్ములు తెప్పించి గీత మీద తన చేతులతోనే నిలబెట్టాడు. సాయంత్రానికి గాలి లేచి మడమ గీతను చెరిపేసింది. రోడ్డంతా మళ్ళీ ఒకే తెల్లటి దుమ్ము.

మర్నాడు ఇక్బాల్ డ్రమ్ములు చూసి లారీని ఇవతలి సగంలో ఆపాడు. నీడ ఉంది గానీ చల్లదనం లేదు. కింద రోడ్డు కాలుతోంది. ముత్యం పడుకోలేక లేచి కూర్చున్నాడు. పని మొదలయ్యాక పార మీదికి వంగి తిన్నదంతా కక్కుకున్నాడు. కళ్ళు ఎర్రబడ్డాయి, కాళ్ళు తడబడ్డాయి. క్యాంప్ బాస్ కారు దూరాన కనిపిస్తే రాజన్న అతన్ని కందకంలో కూర్చోబెట్టి, పైన తాను అడ్డంగా నిలబడ్డాడు.

"రేపటికి పడిపోత బావా" అన్నాడు ముత్యం కింద నుంచి.

"పడిపోతే కాళ్ళిరుగగొడ్త" అన్నాడు రాజన్న.

కానీ మాటలతో మనిషి నిలబడడని అతనికి తెలుసు. ముత్యాన్ని వాపసు పంపితే ఊళ్ళో ఏమనుకుంటారు, ఎల్లవ్వ ఏం మొహం పెట్టుకుని తిరుగుతుంది, అవన్నీ ఒకదాని మీద ఒకటి వచ్చి మీద పడ్డాయి. ఇంజనీర్లు ఎప్పుడూ గోరంతకు కొండంత చెబుతారని మనసుకు సర్దిచెప్పుకున్నాడు. ఖాళీ లారీయే కదా, ఎంతని దిగుతుంది, చక్రం బెత్తెడు దిగితే దిగింది అనుకున్నాడు. మనసుకు సర్దిచెప్పడంలో రాజన్న దిట్ట. మరుసటి పొద్దున గ్యాంగు రాకముందే ఒక్కడే వెళ్ళి, డ్రమ్ములను ఒక్కొక్కటీ గోడ వైపు దొర్లించి, మళ్ళీ వరసగా నిలబెట్టాడు. లారీ పట్టగా ఇంకా మిగిలేంత చోటు ఇవతలికి వచ్చింది. ఎవరూ చూడలేదు.

ఇక్బాల్ మాత్రం అడిగాడు. "యే డ్రమ్ కిస్‌నే హటాయా?"

"సాబ్‌నే హటాయా" అన్నాడు రాజన్న, కన్నార్పకుండా.

సాబే జరిపించాడంటే ఇక్బాల్‌కు ఇంకేం సందేహం. డ్రమ్ముల వారనే లారీ ఆపాడు. ఏమీ కాలేదు. ముత్యం చల్లగా పడుకుని లేచాడు. మర్నాడూ ఏమీ కాలేదు. చక్రాల కింద కాస్త తడి ఊరింది, అంతే. రాజన్న ఆ తడి మీద కాలితో దుమ్ము జరిపాడు. ఇంజనీరు చదువు మీద లోలోపల నవ్వుకున్నాడు కూడా.

ఆ తరవాతి రోజు రేవులో క్రేను చెడి, ఇక్బాల్ లారీ సిమెంటు బస్తాల లోడుతోనే వచ్చింది. దించే వీలు సాయంత్రానికి గానీ లేదు. లోడుతో అక్కడ ఆపనన్నాడు ఇక్బాల్. ఖాళీ చేసే షెడ్డు దగ్గరే ఆపుకుంటానన్నాడు.

"కల్ భీ ఠీక్ థా, పర్సోం భీ ఠీక్ థా" అని, నిన్నా మొన్నా ఏమీ కాలేదు కదా అంటూ రాజన్న అతని గడ్డం పట్టుకున్నాడు. జబ్బు మనిషని ముత్యాన్ని చూపించి, "బీమార్ ఆద్మీ హై భాయ్" అన్నాడు. ఇక్బాల్ ముత్యం మొహం చూశాడు. స్టీరింగ్ తిప్పాడు.

అన్నాలు తిని అందరూ లారీ కిందికి దూరారు. ముత్యం ఎప్పటిలాగే వెనక చక్రాల మధ్యకు పాకాడు. రాజన్న డ్రమ్ముకు ఆనుకుని బీడీ వెలిగించుకుంటున్నాడు. ముందు ఒక చప్పుడు వచ్చింది, ఎండిన అప్పడం విరిగినట్టు. తరవాత లారీ వెనక భాగం నెమ్మదిగా కూర్చుంది. ఎంత నెమ్మదిగా అంటే, ముందువైపు పడుకున్నవాళ్ళు దొర్లుకుంటూ బయటికి రాగలిగారు. ముత్యం రాలేకపోయాడు. వెనక ఇరుసు అతని తొడల మీద ఆగింది. నడుం పైభాగం బయటికి కనిపిస్తోంది. చుట్టూ పెచ్చు పగిలి, బూడిద రంగు బురద బుడబుడమని పైకి వస్తోంది.

ముత్యం అరవలేదు. అరిచే ఊపిరి లేదు కాబోలు. "బావా, సల్లగున్నది" అన్నాడు. ఏం మాట్లాడుతున్నాడో అతనికే తెలియదు.

పైపుల దగ్గర ఎండలో పడుకున్న పోశన్న అందరికన్నా ముందు వచ్చి మోకాళ్ళ మీద పడి చేతులతో బురద తోడడం మొదలుపెట్టాడు. తోడినకొద్దీ అంతా మళ్ళీ వచ్చి నిండింది. ఇక్బాల్ జాకీ తెచ్చి చాసిస్ కింద పెట్టి తిప్పాడు. లారీ లేవలేదు, జాకీ దిగింది. కింద చెక్క పెట్టి తిప్పితే చెక్కతో సహా దిగింది. ఉన్న గడ్డపారలన్నీ ఇరుసు కింద దూర్చి గ్యాంగంతా వేలాడింది. లోడు మీదున్న లారీ మనుషుల మాట వింటుందా? ఉండి ఉండి అంగుళం చొప్పున కిందికే జారుతోంది.

గ్యాంగులో ఒకడు పరిగెత్తివెళ్ళి కబురు చెబితే రామమోహన్ జీపు అప్పుడు వచ్చింది. వెనకాలే దిల్షాద్ నడిపే షావెల్, ముందు పెద్ద తొట్టి ఉన్న బండి, కూతపెట్టుకుంటూ వస్తోంది. రామమోహన్ దిగి, లారీని చూసి, డ్రమ్ములను చూశాడు. మొహం కందగడ్డ అయింది.

"డ్రమ్ములు ఎవరు జరిపారు?"

ఇక్బాల్ తెలుగు మాట అర్థం కాక అటూ ఇటూ చూశాడు. రాజన్న ఇప్పుడు నోరు విప్పితే ఉద్యోగం పోతుంది, జైలు కూడా ఉండొచ్చు. ఆ దేశంలో జైలంటే ఏమిటో క్యాంపులో కథలు కథలుగా విన్నాడు. మనిషి కింద నలుగుతుంటే వీడికి జైలు గుర్తొచ్చింది. కళ్ళ ముందు ముత్యం ఉన్నాడు, ఎలాగూ వాపసు పోయే మనిషి. ఆ ఆలోచన వచ్చినంత తొందరగా మాట కూడా వచ్చేసింది.

"ముత్యమే జరిపిండు సార్. నేను సూడలే. నేనొచ్చేవరకే జరిపి పండుకున్నడు."

అన్నది తెలుగులో. ముత్యం చెవులకు మూడు మూరల దూరంలో. ముత్యం తల తిప్పి రాజన్నను చూశాడు. ఆ చూపులో కోపం ఉంటే రాజన్న తట్టుకునేవాడు. లేదు. చెల్లెలి మొగుడు మేస్త్రి మాటకు ఎప్పుడూ ఎదురు చెప్పినవాడు కాదు.

రామమోహన్ ముత్యం తల దగ్గర కూర్చున్నాడు. "నువ్వేనా జరిపింది?"

"అవ్ సార్" అన్నాడు ముత్యం.

"సరే, తిట్టడానికి అడగడంలేదు. విను బాబూ. నేను పెట్టించిన చోటు గట్టినేలకు సరిగ్గా అంచు. ఆ అంచు తెలిస్తే షావెల్‌ని దానికి అవతల గట్టినేల మీదే నిలబెట్టి, గొలుసు పొడుగు చేసి నిన్ను లేపుతాం. తెలియక దగ్గరికి తెచ్చామా, అదీ దిగుతుంది. నా గీత గాలికి చెరిగిపోయింది. గుర్తు తెచ్చుకో. డ్రమ్ములు మొదట ఎక్కడ ఉండేవి? ఎక్కడినుంచి జరిపావు?"

దీనికోసం అడుగుతున్నాడని రాజన్నకు అప్పుడు తెలిసింది. ముత్యానికి ఆ చోటు తెలియదు. అతను ముట్టుకోనైనా లేదు. నాలుగు రోజుల కిందట డ్రమ్ములు పెట్టినప్పుడు అతను కందకంలో ఉన్నాడు, మర్నాడంతా కళ్ళు తిరిగి ఎక్కడ ఏముందో చూసే స్థితిలో లేడు. అంగుళం తేడా లేకుండా తెలిసినవాడు ఆ రోడ్డు మీద ఒక్కడే ఉన్నాడు. వాడే, తాను చూడలేదని ఇప్పుడే చెప్పాడు.

ముత్యం కళ్ళు రాజన్న మొహం మీద వెతికాయి. ఒక్క చూపు, ఒక్క వేలు కదిపినా చాలు. కానీ రామమోహన్ కూడా చూస్తున్నాడు, గ్యాంగంతా చూస్తోంది. రాజన్న కళ్ళు దించుకున్నాడు. షావెల్ లారీ కన్నా తేలిక, ఆగితే ఆగవచ్చు అనుకున్నాడు. రెండు రోజులు లారీయే ఆగింది కదా. ఈ మాట అతను ఎన్నోసారి అనుకున్నాడో.

"తొందరగా చెప్పు" అన్నాడు రామమోహన్.

ముత్యం చెయ్యెత్తి, లారీకి నాలుగడుగుల దూరంలో పడి ఉన్న ఇక్బాల్ చెప్పు వైపు చూపించాడు. "గాడ సార్. గాడికెల్లి జరిపిన."

అసలు అంచు దానికి ఇంకా అంతే దూరం అవతల ఉంది. రాజన్న నోరు తెరిచాడు. గాలి వచ్చింది, మాట రాలేదు. రాలేదో, రానివ్వలేదో వాడికే తెలియాలి. దిల్షాద్ షావెల్‌ని చెప్పు దాకా తెచ్చి ఆపాడు. ఇరుసుకు గొలుసు తగిలించారు. తొట్టి పైకి లేచింది, గొలుసు బిగుసుకుంది, లారీ వెనక భాగం కదిలి లేవడం మొదలుపెట్టింది. ముత్యం మొహంలో రక్తం తిరిగింది. పోశన్న అతని చంకల కింద చేతులు వేసి పట్టుకున్నాడు. గుంజేంత సందు వస్తోంది, ఇంకొంచెం, ఇంకొంచెం.

షావెల్ ముందు చక్రాలు రెండూ ఒకేసారి పెచ్చు పగలగొట్టుకుని దిగిపోయాయి. తొట్టి ముందుకు వంగింది. గొలుసు వదులైపోయి లారీ లేచినంతా మళ్ళీ కూర్చుంది, ఈసారి నెమ్మదిగా కాదు. పోశన్న చేతుల్లో ముత్యం ఒళ్ళు ఒక్కసారి ఎగిరిపడి ఆగిపోయింది. పోశన్న చాలాసేపు ఆ చేతులు తీయలేదు.

రామమోహన్ నిలబడినచోటే నిలబడ్డాడు. "చచ్చేముందు కూడా సరిగా చెప్పలేదు చూడు" అన్నాడు ఎవరితోనో. తరవాత, ఇంకో బండి వచ్చి దిగబడకుండా డ్రమ్ములు వెంటనే వెనక్కి పెట్టమని పురమాయించాడు. నేల మళ్ళీ గుచ్చి చూడాలి, ఈలోగా అందాజుగా పెట్టండి అన్నాడు.

గ్యాంగంతా ముత్యం చుట్టూనే నిలబడి ఉంది. రాజన్న కదిలాడు. ఎందుకు కదిలాడో అతనికి తెలియదు, చేతులకు పని కావాలి కాబోలు. ఒక డ్రమ్ము పట్టుకుని దొర్లించుకుంటూ చెప్పు దాటి, ఇంకా అవతలికి వెళ్ళి, ఒకచోట నిలబెట్టాడు. రెండోది దాని వరసలో పెట్టాడు. మూడోది పెట్టేసరికి రామమోహన్ పోశన్న పక్కన పడి ఉన్న గడ్డపార తీసుకుని వచ్చాడు. డ్రమ్ముకు ఇవతల పొడిచాడు, ఠంగుమని చేతికి తగిలింది. డ్రమ్ముకు గోడ వైపు పొడిచాడు, పిడికిలి దాకా దిగిపోయింది.

గడ్డపారతో ఆ పని ముందే చేయవచ్చు. అరడజను గడ్డపారలు కళ్ళ ముందే ఉన్నాయి. చచ్చేవాణ్ణి అడిగే బదులు నేలను అడిగితే సరిపోయేది. అది అతనికి ఇప్పుడే తట్టిందని మొహం చెప్పింది. అతను గడ్డపార వంక చూసి, డ్రమ్ముల వరస చూసి, రాజన్న వంక చూశాడు. ఇద్దరూ ఒకరినొకరు పూర్తిగా అర్థం చేసుకున్నారు.

దూరాన క్యాంప్ బాస్ కారు దుమ్ము లేపుకుంటూ వస్తోంది.

"నువ్వు చూడలేదన్నావు కదా" అన్నాడు రామమోహన్, గొంతు తగ్గించి.

"లేదు సార్."

"అతనే జరిపాడు, చోటు తప్పు చూపించాడు. ఆయన అడిగితే ఈ రెండే చెప్పు. ఇంకేం మాట్లాడకు."

"సరే సార్" అన్నాడు రాజన్న, మిగిలిన డ్రమ్ములు తేవడానికి వెళ్ళాడు.